ఆముదంలో ఆగిన స్ప్రింగు

యాభై ఆరులో రాష్ట్రం పేరు మారిన కొత్తలో బెల్లంపల్లి దగ్గర ఒక బడిలో సైన్సు టీచరుగా చేరాను. అక్కడ ఆడటీచరును నేనొక్కదాన్నే. నాతో కలుపుగోలుగా మాట్లాడింది లెక్కల మాస్టరే. నన్ను చెల్లె అనేవాడు. నేను అన్నా అనేదాన్ని, మనసులోనూ అలాగే అనుకునేదాన్ని.

ఒక ఏడు పెద్ద ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. ఊగే వస్తువు ఎందుకు ఆగిపోతుందో చేసి చూపుదామనుకున్నాను. గనిలో పనిచేసే మా బాపు పాత ఇనుప సామాన్లలోంచి ఒక స్ప్రింగు తెచ్చిచ్చాడు. దానికి తీగతో ఇనుప గుండు వేలాడదీసి, ఆ తీగకు గుర్రపు తోక వెంట్రుక కట్టాను. కందీలు దీపం పొగ పట్టించిన గాజుపలకను పక్కనుంచి మెల్లగా జరిపితే, వెంట్రుక ఆ మసిమీద అలలు గీసేది. గుండు గాలిలో ఊగితే అలలు చాలాదూరం సాగేవి. నీళ్లలో ముంచితే త్వరగా చిన్నవైపోయేవి. ఆముదంలోనైతే ఒకటి రెండు అలలకే గీత చదునైపోయేది.

ఇది కుదరడానికి ఎన్నో సాయంత్రాలు పట్టింది. మాస్టరు పక్కనే కూర్చుని చూసేవాడు. పిల్లలకు చెప్పబోయేది ముందు ఆయనకే వినిపించేదాన్ని. “శక్తి సచ్చిపోలే. ఆముదంలకు పోయి వేడైంది. మన చేతికి తెలుస్తలేదంతే.”

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు హెడ్‌మాస్టరు నన్ను స్వాగతగీతం పిల్లల దగ్గర ఉండమన్నారు. నేను తరగతికి వచ్చేసరికే మాస్టరు గాజుపలక జరుపుతున్నాడు. చాలా బాగా చేశాడు. శక్తి ఏమైందని ఇన్‌స్పెక్టరు అడిగితే నా మాటలే, నేను ఆగే చోట ఆగుతూ చెప్పాడు. ఎవరు తయారుచేశారంటే తనే అన్నాడు. అప్పటికి గుమ్మంలో నన్ను చూశాడు కూడా.

అందరూ వెళ్లాక అడిగాను.

“నేను ఆడనే ఉన్న గదా అన్నా.”

“నాకు కరీంనగర్ బదిలీ కావాలె చెల్లె. నీదేమున్నది, రేపు పెండ్లయితే పోతవ్. హెడ్‌మాస్టరుకు గూడ ఎరుకే.”

గొంతులో సిగ్గు లేదు. నా మంచి కోరి చెప్పినట్టే చెప్పాడు. నన్ను పాటల దగ్గరికి ఎందుకు పంపారో అప్పుడు అర్థమైంది.

ఇంటికి వెళ్తే బాపు గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. బిడ్డ ఇన్‌స్పెక్టరుకు పాఠం చూపిస్తుందని గనిలో అందరికీ చెప్పుకున్నాడట. ఏమన్నడు బిడ్డా అని అడిగాడు.

“మెచ్చుకున్నడు బాపు,” అన్నాను. సంతోషంగా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను పొయ్యి ముందు కూర్చుని, పొగ సాకుతో కళ్లు తుడుచుకున్నాను.

వేసవిలోపే మాస్టరుకు బదిలీ వచ్చింది. వీడ్కోలు సభకు నేను పోలేదు. ఆ తర్వాత చాలాకాలం, కొత్త ప్రయోగం ఏది కుదుర్చుకున్నా గది తలుపు వేసుకునే చేసేదాన్ని.