ఎడమ కంటితో చూసే లింబాద్రన్న

మొన్న శుక్రవారం పొద్దున్నే రూవి పేటలోని తెలుగువాళ్ల రూము నుంచి ఫోను. "లింబాద్రన్న పోయాడు సిస్టర్" అన్నారు. మస్కట్‌లో నాకు తెలిసిన లింబాద్రి ఒక్కరే అయినా, ఏ లింబాద్రన్న అని అడిగాను. రోడ్డు దాటుతుంటే పికప్ గుద్దిందట. సగం రోడ్డు క్షేమంగానే దాటారట. బండి ఎటువైపు నుంచి వచ్చిందని అడిగాను. అటువంటి వార్త విన్నప్పుడు ఎవరూ అడిగే ప్రశ్న కాదది. "కుడివైపు నుంచి" అన్నారు. ఆ తరువాత ఏం మాట్లాడారో నాకు వినపడలేదు.

నిజామాబాద్ జిల్లా నుంచి కూలి వీసా మీద వచ్చి, మత్రా సూక్ బజారులోని ఒక కెమెరా దుకాణంలో పెట్టెలు మోసే పనికి కుదిరి, పదేళ్లలో ఆ దుకాణానికే పెద్దదిక్కయి, స్వయంకృషితో ఎదిగిన మనిషి లింబాద్రి గారు. సెలవు మీద ఇంటికి వెళ్లే తెలుగువాళ్లు ఆయనకు చూపించకుండా కెమెరా కొనేవారు కాదు.

మా తమ్ముడి పెళ్లికి ఫొటోలు నేనే తియ్యాలన్న పంతంతో, లెన్సులు మార్చుకునే కెమెరా కోసం నేనూ వెళ్లాను. అద్దాల బీరువాలో అన్నిటికన్నా పెద్దదాన్ని చూపించి అదే కావాలన్నాను.

"ఎవల ఫొటో తీస్తవు సిస్టరమ్మా?"

"మనుషులవే."

"మన్షులకు గంత పొడుగు లెన్సెందుకు? దూరంకెల్లి దొంగసూపులు సూశెటోల్లకది. డబ్బ ఏదైనా తీస్కో, పైసలు లెన్స్ మీద పెట్టు. డబ్బ రేపు మారుస్తవు, లెన్స్ నీతోనే ఉంటది."

దుకాణం యజమాని సేఠ్ గుర్రుగా చూస్తున్నా లెక్కచెయ్యక, నా చేత నాలుగు కెమెరాలు మెడలో వేయించి, ఎదుటి దుకాణం బోర్డు మీది అక్షరాలకు గురి చూడమన్నారు. తానూ చూశారు, ఎడమ కంటితో. ముక్కు కెమెరాకు అణిగిపోయింది. అందరూ కుడి కంటితో కదా చూస్తారు అంటే, "అలవాటు" అన్నారు. నేను ఆస్పత్రి కంటి విభాగంలో నర్సును. అయినా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మత్రా సముద్రపు తేమకు పాత లెన్సుల లోపల బూజు పడుతుంది. ప్రతి లెన్సునూ గుమ్మం వెలుతురుకు ఎత్తి పట్టి చూసిగాని ఆయన ఇచ్చేవారు కాదు. "బూజు పట్టిందంటె ఆగది సిస్టరమ్మా. అంచుల మొదలైతది, నడిమికి వస్తది. సూశెటోనికి తెల్వనే తెల్వది" అనేవారు. మరో ఏడాది ఆయనే పరీక్షించి ఇచ్చిన లెన్సులో, రూముకొచ్చి చూస్తే, అంచున నూలుపోగుల్లా బూజు. తిరిగి పట్టుకెళ్లాను. ఎంతోసేపు అటూ ఇటూ తిప్పి, మెల్లగా "ఎక్కడ?" అన్నారు.

అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా చూడమని, పక్కనుంచి నా వేలు ముందుకు తెచ్చాను. కుడివైపు, ముక్కు దాకా వచ్చినా ఆయనకు ఆనలేదు. ఎడమవైపు కూడా ఆలస్యంగానే కనిపించింది. రేపే ఆస్పత్రికి రమ్మన్నాను.

"కాయితం మీద రాస్తరా?"

"రాయక తప్పదు."

"అయితె రాను. కండ్లు కానరానోన్ని కెమెరాల దుకాన్ల ఎవలుంచుతరు? సేఠ్ వీసా క్యాన్సల్ జేసి, ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్తడు. పోరగాండ్ల సదువు నడిమిట్ల ఉన్నది. ఎవలకు చెప్పనని మాటియ్యి చెల్లె."

నన్ను చెల్లె అని పిలవడం అదే మొదలు. మాటిచ్చాను.

తరువాత ఆయన గోడ పక్కనే నడవడం చూశాను. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టబోయి గాలిలో వదిలెయ్యడం చూశాను. ఎప్పుడు ఆస్పత్రి మాటెత్తినా, "ఫిలిమే అక్కర లేని కెమెరాలొస్తున్నయట, అవ్విటికి సుత లెన్సులు మారుస్తరట, సూడాలె" అని మాట మార్చేసేవారు.

ఇకమీదట మత్రాలో మనకు కెమెరాలు అమ్మేవాళ్లు ఎందరైనా ఉంటారు. ఇది నీకొద్దని చెప్పే పుణ్యాత్ముడు ఉండడు. ఆ లోటు తీరేది కాదు. ఆయన నిర్మల స్మృతికి చేతులు జోడిస్తున్నాను. కాని నమస్కారంతో సరిపెట్టుకునే అర్హత నాకు లేదు.

నిన్న ఆయన భార్య ఊళ్లోని ఫోన్ బూత్ నుంచి మాట్లాడింది. "బండి అస్తుంటె సూస్కోలేదా సిస్టర్?" అని ఒక్కటే అడిగింది. "చూసే ఉంటారు వదినా, బండే వేగంగా వచ్చింది" అన్నాను. మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచిక ఆమె చేతికి చేరుతుంది గనుక ఇక్కడ రాస్తున్నాను. వదినా, ఆయన చూడలేదు. ఆయనకు ఆ పక్క కనపడదని నాకు రెండేళ్లుగా తెలుసు.