ఫోన్లో అక్క గొంతు

ఎనభైల మొదట్లో మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో నేను గుమాస్తాని. ఫోన్ ఆపరేటర్‌ను అందరం అక్క అనేవాళ్లం. ఢిల్లీ నుంచి ఫోన్లో అజమాయిషీ చేసే ఆఫీసరుకు హిందీ తప్ప రాదు, మా కార్మికులకు హిందీ రాదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం కూడా అక్క పనే అయింది. అన్నానికి కూడా లేవనిచ్చేవారు కారు. కాల్‌కీ కాల్‌కీ మధ్య కళ్లు మూసుకుని గొంతు నిమురుకునేది.

ఒక మధ్యాహ్నం అత్తిముగం నుంచి ఒకామె వచ్చింది. ఆమె కొడుకు చెయ్యి మా మిషన్లో నలిగిపోయింది. అతన్ని పనిలోంచి తీసేశామని ఢిల్లీ ఆఫీసరు ఫోన్లో చెబితే, అక్క ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పింది.

"నీ నోట్లో మన్ను పడ! రెండు చేతులుండే బిడ్డను పంపినాను కదా! ఇంగ యాడికి పోవల్ల వాడు?" అని ఆమె అక్క మీదే విరుచుకుపడింది.

అక్క తన తప్పు లేదని చెప్పుకోలేదు. ఆ తిట్టును పొల్లుపోకుండా, అంతే గట్టిగా, ఫోన్లో హిందీలో అప్పజెప్పింది.

ఎవరు మాట్లాడేదని ఆఫీసరు అరిచిన అరుపు నా బల్ల దాకా వినిపించింది.

"ఆ అబ్బాయి తల్లి" అంది అక్క.

అతను ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగం తిరిగి రాలేదు.

అక్క ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంగ నాకు చేతకాదమ్మా" అంటూ నేల మీద కూలబడింది. ఫోన్ మళ్లీ మోగింది. మేమెవరమూ కదల్లేదు. కాసేపటికి అక్కే లేచి ఎత్తింది.