వెనక సీటు లేని కారు

ఉప్పల్‌కు మెట్రో స్తంభాలు ఇంకా రాని రోజులు. నాచారంలో లేత్ మిషన్ మీద పనిచేసే మా అన్న, ఇంట్లో ఉన్న పాత చిన్న కారును ర్యాలీ కారు చేస్తానని పట్టుబట్టాడు. బరువు తగ్గాలని వెనక సీటు, మ్యాట్లు, తలుపుల లోపలి అట్టలు పీకేశాడు. పల్టీ కొట్టినా టాపు అణగకుండా లోపల ఇనుప పైపులు వెల్డింగ్ చేయించాడు. రాళ్లు తగలకుండా ఇంజన్ కింద మందపాటి రేకు, నాలుగు చక్రాలకూ గట్టి స్ప్రింగులు.

"కీసరగుట్ట గుడికి పోయే కారును గిట్ల ఆగం జేసినవేందిరా? ఇగ నేనేడ కూసోవాలె?" అని అమ్మ తిట్టింది.

నాకా బాధ లేదు. నా కన్ను ముందు సీటు మీద ఉంది. ర్యాలీలో డ్రైవర్ పక్కన కూర్చున్న మనిషి రాబోయే మలుపులు చదివి చెప్పాలి. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఉప్పల్‌లోనే లేరని నా నమ్మకం. అన్నకే నమ్మకం లేదు.

"ఈ ఒక్కసారి సూస్త. దారి తప్పించినవనుకో, మా దోస్తు కూసుంటడు" అన్నాడు.

మలుపు ఎంత ఇరుకో తెలిసేలా అందరూ మలుపులకు నంబర్లు పెట్టుకుంటారు. మా అన్నకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే పడదు. స్పీడులో మూడన్నా ఐదన్నా ఒకేలా తిప్పేవాడు. అందుకే ముందురోజు దారి చూసి వచ్చి, ఏ మలుపు ఎంత దూరంలో ఉందో కాగితం మీద రాసుకుని, మలుపులకు మా ఏరియా పేర్లు పెట్టాను. వెడల్పాటి వంపు రింగు రోడ్డు. అడ్డంగా పక్కకు తిరిగేది హబ్సిగూడ చౌరస్తా. అన్నిటికంటే ఇరుకైనది మా గల్లీ. మా గల్లీ మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఎంత మొనగాడైనా అక్కడ బ్రేకు తొక్కాల్సిందే.

ర్యాలీ రోజు, కీసర దాటాక మట్టి రోడ్డు. ముందు కారు లేపిన దుమ్ములో అన్నకు బానెట్ కూడా కనిపించలేదు. నేను మీటరులో దూరం చూసుకుంటూ కాగితం చదువుతున్నాను.

"స్లో జేస్తున్ననే!"

"జెయ్యకు! ఇంకా రింగు రోడ్డే, తొక్కు!" అని అరిచాను. తొక్కాడు. "ఇగ కుడికి మా గల్లీ! ట్రాన్స్‌ఫార్మర్, అన్నా!"

ఏమీ కనిపించని దుమ్ములోనే బ్రేకు కొట్టి స్టీరింగ్ తిప్పాడు. వెనక చక్రాలు జారినా కారు మలుపు తిరిగింది. ముందు పోయిన కారు మాత్రం పక్క చేనులో దిగబడి ఉంది. దాన్ని దాటుతుంటే గర్వంతో నాకు నవ్వాగలేదు. అయినా చదవడం ఆపలేదు.

కప్పు రాలేదు. ఒక్క మలుపూ తప్పలేదు. దిగగానే అన్న దోస్తు నవ్వుకుంటూ వచ్చాడు. "మామా, వచ్చేసారి నేను కూసుంట గదా?"

అన్న హెల్మెట్ తీసి మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"ముందు సీటు మా చెల్లెదిరా. ఎనక సీటు ఎప్పుడో పీకేసిన."