సిస్టరమ్మ ఉండేది ఎక్కడ

నేను పుట్టినప్పుడు బొడ్డు కోసింది సిస్టరమ్మే. మణుగూరు దాటినంక, అడవిలో ఒక కోయగూడెం పక్కన చిన్న మిషన్ దవాఖానా ఉండేది. దాన్ని ఆమె నడిపేది. పుట్టింది ఐర్లాండ్‌లో. వయసులో ఉండగా వచ్చి ఇక్కడే ముసలిదైపోయింది. బొగ్గుబాయిలో పనిచేసే మా నాన్నతో మా తెలుగులోనే పోట్లాడేది, గూడెపోళ్లతో వాళ్ల భాషలో పోట్లాడేది.

నేను ఖమ్మం బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనికి కుదిరిన కొత్తలో ఆమె ఒక పొద్దున గొడుగు పట్టుకుని వచ్చింది. ఐర్లాండ్‌లో ఉన్న అన్నకు ఒంట్లో బాగుండటం లేదట. పెళ్లి చేసుకోకుండా ఒక్కడే ఉంటాడట. చూసి రావాలి. అయితే, బీపీ ఉన్న మనిషిని ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కనియ్యనని హైదరాబాద్ మఠంలోని మదర్ పట్టుబట్టింది.

ఇన్సూరెన్స్ పాలసీలు కూడా మేమే ఇప్పించేవాళ్లం. హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాను.

"ప్యాసింజర్ ఎక్కడుంటరు మేడం?"

"మణుగూరు దగ్గర."

"పాస్‌పోర్టు?"

"ఐర్లాండ్‌ది."

"పోయేది?"

"ఐర్లాండ్‌కే."

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఇక్కడ ఉండే పర్మిట్ ఉన్నది కాబట్టి ఏ దేశానికైనా ఇస్తం మేడం. సొంత దేశానికి మాత్రం ఇయ్యం. అది ఇంటికి పోయినట్టు లెక్క, ప్రయాణం కిందికి రాదు."

అదే సిస్టరమ్మకు చెప్పాను.

"అవ్ బిడ్డా, ఇంటికే పోతున్న. ఇంటికి పోతే జబ్బు రాదా?"

"వస్తది సిస్టరమ్మా. వస్తే అక్కడోళ్లే చూసుకోవాలంటున్నరు."

సరే, అక్కడోళ్లనే అడుగుదామని మా ఆఫీసు నుంచే అన్నకు ఫోన్ కలిపాం. ఆయనకు చెవుడు. ఈమె అరిచిన అరుపులకు పక్క కిళ్లీకొట్టతను వచ్చి చూసి పోయాడు. అన్న అక్కడి కంపెనీలో కనుక్కున్నాడు. ఆ దేశంలో కాపురముండేవాళ్లకే పాలసీ అన్నారట. సర్కారు దవాఖానాలో కూడా పాస్‌పోర్టు చూడరు, అక్కడ ఉంటున్నావా లేదా అన్నదే చూస్తారట.

"ఇక్కడోళ్లు నన్ను అక్కడిదాన్నంటున్నరు, అక్కడోళ్లు ఇక్కడిదాన్నంటున్నరు. మరి గాల్లో ఉన్నప్పుడు నేను ఎవరిదాన్ని?" అంది సిస్టరమ్మ.

ఆమె ఊరికే అన్న మాట అది. మా సార్ మాత్రం దాన్ని నిజంగానే పట్టించుకుని మళ్లీ హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. మధ్యలో లండన్‌లో విమానం మారాలి. ఆ దారి వరకు పాలసీ ఇస్తామన్నారు. ఐర్లాండ్ గడ్డ మీద కాలు పెడితే మాత్రం చెల్లదు. కాగితం చేతికొచ్చింది. మదర్ దాని మీది ముద్ర చూసి తృప్తిపడింది, లోపలి మాటలు చదవలేదు. నేను సిస్టరమ్మకు విప్పి చెప్పాను.

"అంటే, పడితే లండన్లనే పడాలె సిస్టరమ్మా."

"చూస్త బిడ్డా," అందామె.

లండన్‌లో పడలేదు. ఇన్నేళ్లూ వానల్లో, గుట్టల మీద రబ్బరు చెప్పులతో నడిచిన మనిషి, అన్న కొనిపెట్టిన కొత్త బూట్లేసుకుని అన్న ఇంటి గడప ముందే జారిపడింది. మణికట్టు విరిగింది.

తిరిగొచ్చి, రైలు దిగి నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. ఎడమ చేతికి పిండికట్టు.

"దవాఖానాల అడగలేదా సిస్టరమ్మా, ఎక్కడుంటరని?"

"అడిగిండ్రు. నేను నోరు తెరిచేలోపే అన్న, 'మా చెల్లె, నా ఇంట్లనే ఉంటది' అన్నడు. ఎన్నేండ్ల నుంచి అని అడిగింది ఆడ పేర్లు రాసుకునే పిల్ల. 'పుట్టినప్పటి నుంచి' అన్నడు."

"మీరేమన్నరు?"

"ఏమనలే. చెయ్యి మస్తు నొస్తుండె." పిండికట్టు సర్దుకుంటూ, "ఆ ఇంట్లనే పుట్టిన. అది నిజమే గద," అంది. అయినా మనసొప్పక, హైదరాబాద్‌లో దిగగానే చర్చిలో ఫాదర్‌కు చెప్పుకుందట. 'మీరేమన్నరు' అని ఆయన కూడా అడిగాడట.

"ఉండిపొమ్మనలేదా అన్న?"

"అన్నడు. ఏడాది ఉంటనంటే చాలట, అక్కడిదాన్నే అయిపోతనట. దవాఖానా తాళం నా దగ్గరనే ఉన్నదని చెప్పిన. మళ్ల అడగలే. విమానం కాడికి వచ్చి, నేను లోపలికి పోయేదాక టోపీ చేతుల పట్టుకుని నిలబడ్డడు."

గొడుగు తీసుకుని మణుగూరు బస్సెక్కింది.

అన్న ఆ చలికాలం దాటలేదు. దవాఖానాకు ఫోన్ లేదు కాబట్టి కబురు మా ఆఫీసుకొచ్చింది. నేనే బస్సెక్కి పోయాను. పోయేసరికి లోపల ఒక కాన్పు జరుగుతోంది. వరండాలో కూర్చున్నాను. బిడ్డ ఏడుపు వినపడ్డాక సిస్టరమ్మ బయటికొచ్చింది, నా మొహం చూసి ఆగిపోయింది. చెప్పాను.

"చేతులు కడుక్కొని వస్త," అని లోపలికి పోయింది. చాలాసేపు నీళ్ల చప్పుడు వినపడింది. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బస్సుల సీటు దొరికిందా?" అని అడిగింది. దొరకలేదన్నాను. అన్నం పెట్టింది. నేను తింటుంటే పక్కన కూర్చుని, చిన్నప్పుడు అన్న తనను సైకిల్ ముందర కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయిన సంగతులు చెప్పింది. మధ్యలో లోపల బాలింత పిలిచింది. "వస్తున్ననే," అని లేచి పోయింది.