దిలావర్ సార్ చైనా క్లాసు

మా క్యాంపులో సాయంత్రం ఆరు కాగానే పన్నెండు మంది చైనావాళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఇంగ్లీషు చదివేవాళ్లు. ఆ ఊగడం వాళ్ల దేశం నుంచి తెచ్చుకున్నది కాదు. మా దిలావర్ సార్ నేర్పిందే. ఏడేళ్ల వయసులో ప్రొద్దుటూరు మదరసాలో తనకు అరబ్బీ చదవడం ఎలా నేర్పారో, సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరవతల ఎడారిలో వేసిన రేకుల గదిలో, నలభై దాటిన వెల్డింగ్ ఫోర్‌మన్లకు ఆయన అలాగే నేర్పాడు. పుస్తకం తెరవాలి, ఊగాలి, గొంతెత్తి చదవాలి. ఎవరైనా అర్థం అడిగితే ఒకటే జవాబు.

"అర్థం తర్వాత. ముందు నోటికి రావల్ల."

నాకా మనిషంటే మొదటినుంచీ గిట్టదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి. నా పేరు ప్రభాకర్, మాది మెట్‌పల్లి. పది తప్పాను. ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు మీద, నా ఉద్యోగం హమాలీ, చేసేది క్యాంపు ఆఫీసులో గుమాస్తాపని. ఇంగ్లీషు అంతంత మాత్రం, అరబ్బీ మాత్రం గట్టిది. హఫర్‌లో ఒక సౌదీ కిరాణా కొట్లో ఆరేళ్లు పనిచేసి, యజమాని తిట్లతో మొదలుపెట్టి లెటర్ల దాకా నేర్చుకున్నాను. ఒకసారి నీళ్ల ట్యాంకర్ కోసం నేను ఇంగ్లీషులో రాసిన ఉత్తరాన్ని దిలావర్ సార్ మేనేజర్ ముందే లాక్కుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి పదకొండు సున్నాలు చుట్టాడు.

"ఇది ఇంగ్లీషేనా ప్రభాకరా? నీళ్లు అడిగినావా, నీళ్లు నమిలినావా?" అన్నాడు.

మేనేజర్ లియుకు తెలుగు రాదు, అయినా నవ్వాడు. ఆ కాగితం నా సొరుగులో దాచుకున్నాను. కోపం మర్చిపోతానేమోనని భయం.

అంత పెద్ద పండితుడి చరిత్ర ఏమిటో కూడా వినండి. మదరసా తర్వాత ఇంటి దగ్గర కూర్చుని రాసిన బి.ఏ. ఒకటుంది. దాన్ని పట్టుకుని జెడ్డా వచ్చి, డ్రైవర్ వీసా మీద ఒక ప్రైవేటు బడిలో గ్రామర్ చెప్పాడు. ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలనే నితాఖత్ చట్టం వచ్చి, ఒకరి వీసా మీద ఇంకొకరి దగ్గర పనిచేసేవాళ్లను పట్టుకోవడం మొదలెట్టగానే ఆ బడి గేటు ఆయనకు మూసుకుంది. అటు తిరిగి ఇటు తిరిగి చివరికి ఈ చైనా కాంట్రాక్టు కంపెనీలో పడ్డాడు. ఇఖామా మీద ఈయనా కూలీనే. అంటే కాగితం ప్రకారం మేమిద్దరం ఒకటే జాతి. కానీ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నలుగురు పట్టే గదిలో తన మంచం చుట్టూ దుప్పటి కట్టుకుని, దానికి 'స్టడీ రూమ్' అని పేరు పెట్టాడు. గుడ్డివాళ్ల ఊళ్లో మెల్లకన్నువాడే రాజు మరి.

భార్య ఖాలిదా, కూతురు గుల్షన్ జెడ్డా షరఫియాలో ఒక గదిలో ఉండేవాళ్లు. గుల్షన్ అక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి. ఇంటిమనుషుల మీద తలకింత అని నెలనెలా పన్ను పడ్డ దగ్గర్నుంచి మావాళ్లలో సగం మంది ఆలుబిడ్డల్ని ఊరికి పంపేశారు. ఈయన పంపలేదు. మార్చిలో బోర్డు పరీక్షలు. అప్పటిదాకా ఎలాగైనా ఇక్కడ ఉండాలి. తన ఇఖామా డిసెంబరుతో అయిపోతుంది. అది పోతే తల్లీబిడ్డల కాగితాలూ దాంతోనే పోతాయి, పరీక్ష ముందు పిల్ల సంవత్సరం గంగలో కలుస్తుంది. ఆయన బతుకంతా ఆ మూడు నెలల మీద నిలబడి ఉంది. ఇది క్యాంపులో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు.

దానికి మందు మేనేజర్ లియు దగ్గరుంది. మాకు పనిచ్చే పెద్ద కంపెనీ కొత్త నియమం పెట్టింది. గ్యాసు ట్యాంకుల్లో దిగే ముందు పర్మిట్ కాగితం ఇస్తారు. లోపల ఏ గ్యాసుంది, ఏ వాల్వుకు తాళం వెయ్యాలి, బయట ఎవరు కాపలా ఉండాలి, అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఆ కాగితం చదివి అర్థం చేసుకుంటాడని పరీక్ష పాసైన ఫోర్‌మనే సంతకం పెట్టాలి. మా చైనా ఫోర్‌మన్లకు ఎ, బి, సి, డిలు కూడా వరసగా రావు. అందుకని లియు దిలావర్ సార్‌ను పిలిచి, పన్నెండు మందిలో పదిమందిని పాస్ చేయిస్తే ఇఖామా రెన్యువల్ తన పూచీ అన్నాడు.

అప్పుడు మొదలైంది ఈ ఊగుడు. పాత పరీక్షల పాఠాలు నలభై ఎక్కడో సంపాదించాడు. మొదట గ్రామర్, గో వెంట్ గాన్ అని ఒక రాగం. తర్వాత పాఠం, దాని కింద ప్రశ్నలు, జవాబులు, మొత్తం ఒకే రాగంలో. చైనావాళ్లకు ఇది పరమాన్నంలా నచ్చింది. వాళ్ల బళ్లలోనూ చిన్నప్పుడు ఇలాగే అరిచి చదివించేవారట. గాజుసీసాల్లో ఆకులు తేలే గ్రీన్ టీ పెట్టుకుని, మధ్యమధ్య గుటకేస్తూ, పన్నెండు గొంతులు ప్రొద్దుటూరు యాసలో ఇంగ్లీషు పాడేవి. చూడటానికి రెండు కళ్లు చాలేవి కావు.

ఒక్కడే చెడగొట్టేవాడు. ముసలి జాంగ్. ముప్ఫై ఏళ్లుగా ట్యాంకుల్లో దిగుతున్నవాడు. ప్రతి మాట దగ్గరా చెయ్యెత్తి "మీనింగ్, టీచర్?" అనేవాడు.

"అర్థం తర్వాత," అని దిలావర్ సార్ కసిరేవాడు. ఆ మాట తెలుగులోనే అనేవాడు. చివరికి జాంగ్‌కు అది కూడా నోటికొచ్చింది.

అక్టోబరులో ఒకరోజు లేబర్ ఆఫీసు నుంచి అరబ్బీలో కాగితం వచ్చింది. చదివి లియుకు చెప్పాను. పేరుకు పెట్టుకున్న నలుగురు సౌదీలు మానేయడంతో నితాఖత్ లెక్కలో మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఇకమీదట ఇందులో ఎవరి ఇఖామా రెన్యువల్ కాదు. కానీ ఎవరైనా సరే, కంపెనీ అనుమతి లేకుండా వేరే కంపెనీకి మారిపోవచ్చు. లియు మొహం మాడిపోయింది. ఫోర్‌మన్ల పరీక్షలు అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు, చెబితే అంతా వదిలిపోతారు అన్నాడు. సరేనన్నాను.

మధ్యాహ్నం దిలావర్ సార్ మార్కర్ పెన్నుల కోసం వచ్చాడు. కాగితం నా టేబుల్ మీదే ఉంది. అరబ్బీ అక్షరాలు కనిపించగానే మనిషికి పూనకం వచ్చింది. తీసుకుని, గొంతు సవరించుకుని, మొదలెట్టాడు. అచ్చులు చూపే జేర్ జబర్ గుర్తులు లేని ఆఫీసు అరబ్బీ. అయినా తోచిన చోట తోచిన అచ్చు పెట్టుకుంటూ, సాగదీసేచోట సాగదీస్తూ, కళ్లు అరమోడ్చి, తన ఇఖామా ఇక రెన్యువల్ కాదన్న కాగితాన్ని తానే రాగంతో చదివాడు. తప్పించుకునే దారి ఉందన్న వాక్యాన్ని మరీ ఇంపుగా చదివాడు.

"సూడు ప్రభాకరా, ఆఫీసు కాగితమైనా అరబ్బీ అందమే అందం," అని టేబుల్ మీద పెట్టాడు.

ఏముంది ఇందులో అని ఒక్కమాట అడగలేదు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే కదా అని లోపల పగలబడి నవ్వుకున్నాను.

వెళ్లబోతూ ఆగాడు. "ఒగ మాట అడగల్ల నిన్ను. మా బామ్మర్ది నవాజ్ లేడా, రియాద్ బతాలో? వాళ్ల ట్రావెల్స్ ఆఫీసులో ఒగ ఖాళీ ఉండాదంట. నవంబరు ఆఖరు దాకా ఆపుతానంటాండాడు. ఈడ లియు మాటిచ్చినాడు. ఏం జేద్దునప్పా?"

నా చెయ్యి సొరుగు మీదే ఉంది. అందులో పదకొండు ఎర్రసున్నాలు.

"ముదీర్ లియు మాటిచ్చిండు గద సారూ," అన్నాను. "మాట తప్పుతడా?"

"అంతేలే. క్లాసు పిల్లోళ్లను నడిమధ్యలో ఇడిసిపెడితే పాపం," అంటూ పోయాడు. ఆ సాయంత్రమే వేరే కంపెనీకి మారడానికి నా సొంత అర్జీ నింపి పంపాను.

నవంబరు మధ్యలో పరీక్ష జరిగింది. నలభై పాఠాల్లోంచే రెండు వచ్చాయి. పదకొండు మంది పాస్. అర్థం కోసం ప్రతి వాక్యం దగ్గరా ఆగిన జాంగ్‌కు టైము చాలక ఒక్కడే ఫెయిల్. దిలావర్ సార్ క్యాంపంతా ఖర్జూరాలు పంచాడు. నాకూ రెండు పెట్టాడు, తిన్నాను. నవాజ్‌కు ఫోన్ చేసి ఆ ఖాళీ వద్దన్నాడు.

వారం తిరక్కముందే ట్యాంకు దగ్గర ఆ చదువు రంగు బయటపడింది. సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఒక ఈజిప్టు మనిషి. పాసైన ఫోర్‌మన్ చేతికి పర్మిట్ ఇచ్చి చదవమన్నాడు. అతను ఊగుతూ చక్కగా చదివాడు. ఏం రాసుందో చెప్పమన్నాడు. అతను ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త చక్కగా మళ్లీ చదివాడు. గాలి పరీక్ష కాలేదు, లోపలికి దిగొద్దు అని రాసుంది అందులో. చదవడం ముగించి, సంతకం పెట్టి, కాలు లోపల పెట్టబోయాడు. వెనకనుంచి ముసలి జాంగ్ అతని బెల్టు పట్టుకుని లాగాడు. ఫెయిలైనవాడు లాగకపోతే పాసైనవాడు శవమయ్యేవాడు.

సర్టిఫికెట్లన్నీ రద్దు. పది రోజుల్లో మళ్లీ పరీక్ష, ఈసారి నోటితో, ట్యాంకు ముందు నిలబెట్టి సొంత మాటల్లో చెప్పించడం. లియు క్యాంపు మధ్యలో నిలబెట్టి దిలావర్ సార్‌ను తిట్టాడు. నేను టీ తాగుతూ చూశాను. ఇక మంచం చుట్టూ దుప్పటి కట్టుకుని ఏడుస్తాడనుకున్నాను.

ఏడవలేదు. పాఠాలు పట్టుకుని జాంగ్ గదికి పోయి కింద కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూశాను.

"మిస్టర్ జాంగ్, ఐ నో ద వర్డ్. ఐ డోంట్ నో ద థింగ్," అన్నాడు.

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మర్నాటి నుంచి క్లాసు రేకుల గదిలోంచి ట్యాంకుల దగ్గరికి మారింది. దిలావర్ సార్ మాట చదివితే, జాంగ్ ఆ వస్తువు మీద చెయ్యి పెట్టేవాడు. వాల్వు, తాళం, గ్యాసు మీటరు. నైట్రోజన్ అనగానే జాంగ్ గొంతు పట్టుకుని నేలమీద పడి చచ్చిపోయినట్టు నటించి చూపించాడు. ఒక్కరూ నవ్వలేదు. ఇస్త్రీ చొక్కాకు గ్రీజు అంటించుకుని, యాభై ఏళ్లకు మొదటిసారి చదువుకుంటున్నవాడిలా ఆయన అన్నీ రాసుకున్నాడు. పంతులు శిష్యుడి ముందు చేతులు కట్టుకున్నాడే అని మా మెస్సులో వెక్కిరించాను. ఎప్పటిలా ఎవరూ నవ్వకపోతే ఇంకా ఒళ్లు మండింది.

డిసెంబరు మొదటివారంలో పన్నెండు మందీ పాసయ్యారు. వచ్చీరాని ఇంగ్లీషే, కానీ ఒక్కడూ ఊగలేదు. ఇన్‌స్పెక్టర్ అందరితో చెయ్యి కలిపాడు. లియు చప్పట్లు కొట్టి కారెక్కి వెళ్లిపోయాడు, ఇఖామా మాటే ఎత్తలేదు.

సాయంత్రం దిలావర్ సార్ నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆ పొద్దు నీ టేబుల్ మీద ఒగ అరబ్బీ కాగితం సదివినా గదా ప్రభాకరా. ఉండాదా అది?"

"ఎందుకు సారూ ఇప్పుడు?"

"ఊరికే సదివినా. అర్థం అడగలా."

అబద్ధం చెప్పొచ్చు. చింపేశానని అనొచ్చు. ఏమైందో తెలియదు, సొరుగు లాగాను. కాగితం తీసి ఇచ్చాను. ఈసారి రాగం లేదు. ఒక్కో మాట మీద వేలు పెట్టి నా మొహంలోకి చూశాడు. నేను ఒక్కో మాటకూ అర్థం చెప్పాను. ఎరుపు. రెన్యువల్ లేదు. కంపెనీ అనుమతి లేకుండా మారిపోవచ్చు. అక్కడ ఆయన వేలు ఆగింది.

"ఇది ఆ పొద్దే తెలుసునా నీకు?"

"తెల్సు."

"నవాజ్ సంగతి నేను అడిగినప్పుడు?"

"అప్పుడు గూడ తెల్సు సారూ."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాడిని. ఆయన చూపు తెరిచి ఉన్న సొరుగులోకి పోయింది. నీళ్ల ట్యాంకర్ ఉత్తరం, దాని మీద తన ఎర్రసున్నాలు. తర్వాత అరబ్బీ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నీ అరబ్బీ శానా మంచిదప్పా," అన్నాడు. "ఒగ తప్పు గూడా లేదు."

బతాలో ఆ ఖాళీలోకి ఎవరో నెల్లూరాయన అప్పటికే చేరిపోయాడు. నవాజ్ ఇంకో నాలుగు చోట్ల అడిగాడు, దొరకలేదు. జనవరిలో దిలావర్ సార్‌కు దేశం వదిలి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఖాలిదాకూ గుల్షన్‌కూ దాంతోపాటే. పోయేరోజు జాంగ్ తన టీ సీసా ఆయన చేతిలో పెట్టి పిల్లాడిలా ఏడ్చాడు. గుల్షన్ హాల్ టికెట్ ఆ తర్వాతెప్పుడో షరఫియా స్కూలుకు వచ్చిందట. ఆ ఏడు ఆ పిల్ల పరీక్ష రాయలేదు.

నేనిప్పుడు రియాద్‌లో ఉన్నాను. నా అర్జీ మంజూరైంది. కొత్త ఇఖామా మీద గుమాస్తా అనే ఉంది. ఆ మనిషంటే నాకు గిట్టదని ఇప్పటికీ అంటుంటాను, అలవాటు కొద్దీ. ఎందుకని ఎవరైనా అడిగితే ఇదివరకైతే ఎర్రసున్నాల కాగితం తీసి చూపించేవాడిని. దాన్ని ఆ సాయంత్రమే చింపేశాను.