సున్నా చెప్పిన బ్యాడ్జి

దేవేందర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. ఉన్నది బహ్రెయిన్‌లోనే అయినా ఇంటోళ్ళ లెక్కలో దుబాయిలో ఉన్నట్టే. నువైద్రాత్ క్యాంపులో మకాం, పక్కన సిత్రాలో డ్యూటీ. కొత్త పైపుల అతుకుల్లో పగుళ్ళున్నాయేమోనని రేడియేషన్‌తో ఫొటోలు తీసే పని. ఆ మాయదారిది కంటికి కనపడదు, తగిలిందో మనిషిని లోపల్నుంచి కాలుస్తుంది. అందుకే ప్రతివాడి చొక్కాకీ ఒక బ్యాడ్జి.

“అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళ ఒంటిమీదా ఇలాంటిదే ఉంటుందోయ్. ఎంత రేడియేషన్ తగిలిందో ఇదే చెప్తుంది,” అన్నాడు సేఫ్టీ చూసే భానుమూర్తి. దేవేందర్ పొంగిపోయి, ఫొటో దిగి కూతురు సహస్రకు పంపాడు. మా బాపు చంద్రుని మీదికి పోయేటోళ్ళ బ్యాడ్జి పెట్టుకుంటడని ఆ పిల్ల బడంతా చాటింది.

గదిలో పాతకాపు గంగన్న నవ్వాడు. “ఓరి పిచ్చోడా! అండ్ల లెక్క నిండిందంటే పనిలకెళ్ళి తీసేస్తరు. ఇగ ఖలాస్, ఇంటికే.”

క్యాంపులో అందరూ చేసేదే దేవేందరూ చేశాడు. మిషను తెరిచేముందు బ్యాడ్జి విప్పి, బస్సులో సద్ది డబ్బాలో దాచేవాడు. బ్యాడ్జిని కాపాడుకున్నాడు మహానుభావుడు! నిండుతున్నది తన ఒళ్ళన్న సోయి లేదు.

ఒక పొద్దున రేడియేషన్ చిమ్మే గింజంత ముక్క మిషనులోకి తిరిగి రాకుండా గొట్టంలో ఇరుక్కుంది. హెచ్చరించాల్సిన మీటరు బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. దేవేందర్ ఎప్పట్లాగే గొట్టం చేత్తో పట్టుకుని ఊడదీశాడు. కొన్నాళ్ళకు కుడిచెయ్యి ఎర్రగా ఉబ్బి బొబ్బలెక్కింది.

భానుమూర్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎంత తగిలిందని అడిగాడు డాక్టరు. అది తెలిస్తే వేళ్ళు దక్కుతాయో లేదో, లోపల ఇంకేం చెడిందో అంచనాకొస్తుందట. బ్యాడ్జిని పరీక్షకు పంపితే సున్నా వచ్చింది. వేడి పైపు పట్టుకుని ఉంటాడులే అని కంపెనీ చేతులు దులుపుకుంది.

“నిజం చెప్పవయ్యా, ఆ రోజు బ్యాడ్జి ఎక్కడుంది?” అడిగాడు భానుమూర్తి.

“సద్ది డబ్బల, సార్.”

“ఆ ఒక్కరోజేనా?”

“ఎన్నడు పెట్టుకోలే, సార్.”

“ఎంత పని చేశావయ్యా!” భానుమూర్తి తల పట్టుకున్నాడు. “ఎక్కడో ఆకాశంలో తిరిగేవాడికి ఎంత తగిలిందో చెప్పగలరు. పక్కనున్న నీకెంత తగిలిందో నాకు తెలీదు.”

శుక్రవారం సహస్ర ఫోన్ చేసింది. “బాపూ, నీ బ్యాడ్జి పరీక్షకు పోయిందని అమ్మతోని చెప్పినవట గదా, ఎంతొచ్చింది?”

దేవేందర్ కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందకు జరుపుకున్నాడు. “సున్న వచ్చింది, బిడ్డా.”

“అమ్మా! బాపుకేం కాలేదంట!” ఆ పిల్ల ఇల్లంతా ఎగిరింది.

దుప్పటి కింద వేళ్ళు ముడవబోయాడు. ముడుచుకోలేదు.