అష్టాచెమ్మా ఆడించి గెలిచిన మా సుజాత

మా అమ్మాయి సుజాత టీచరు ఉద్యోగం పర్మనెంట్ అయింది, మౌలాలి క్వార్టర్ల దోస్తులారా. ఇవాళ టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వాళ్ళ బడికి వెళ్తే, తరగతి గది నేల మీద సుద్దతో గీసిన అష్టాచెమ్మా గళ్ళు కనిపించాయి. మన వరండా గుర్తొచ్చింది. చింతగింజలను బండకు అరగదీసి, ఆ వేడి గింజతో ఒకరికొకరం చురకలు పెట్టుకునేవాళ్ళం కదా. పందెం ఎవరిదైనా అందరి కళ్ళూ గింజల మీదే. బడిలో మాత్రం సారు ఒకరిని లేపి అడిగితే మిగతావాళ్ళం కునుకు తీసేవాళ్ళం.

సుజాత క్లాసులోనూ పిల్లలు నిద్రపోతున్నారని, ఇవాళ్టి పాఠం చూశాకే ఉంచాలో తీసేయాలో చెప్తానంది పెద్ద మేడం. అందుకే మా పిల్ల ఈ ఆట పెట్టింది. కాయ ఆగిన గడిలో రాసిన లెక్కకు జవాబు చెప్పాలి. తప్పు చెప్తే, దాన్ని పట్టుకున్నవాళ్ళు ఆ కాయను చంపొచ్చు. ఇక కునుకెక్కడిది?

"టీచర్, గాడు తప్పు జెప్పిండు, నేను సంపుత" అని వెనక బెంచీ పిల్ల లేచింది.

"ఆగు, జెర మళ్ళ లెక్కపెట్టు" అంది పెద్ద మేడం, ముందుకు వంగి.

"మేడం, మీరు జెప్పొద్దు. మీ పందెం కాదు."

పెద్ద మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. అక్కడే చెప్పేసింది, "సుజాతా, ఇగ నువ్ ఏడికి పోవద్దు" అని.

చిలకలగూడ అక్కకు చెప్పాలి, వరంగల్ చిన్నమ్మకు చెప్పాలి, వియ్యపురాలికి చెప్పాలి. టీచరు పని ఎన్నాళ్ళులే అన్న నేరేడ్‌మెట్ బావకు ఫోన్ చేయను, స్వీటు డబ్బా పట్టుకుని నేనే వెళ్తాను.